మా చెల్లెలికి పెట్టిన తుఫాను పేరు

మా చెల్లెలి పేరు ఇక్కడ రాయను. ఆమె ఇప్పుడు మనవరాళ్ళకు జడలు వేసే మనిషి. "నా పేరు అచ్చులో పెట్టినవంటే నీ ఇంటి గడప తొక్క" అని ఒట్టు పెట్టింది. తొక్కకపోతే నాకు కొంత హాయిగానే ఉంటుంది కానీ, మాట ఇచ్చాను కాబట్టి నిలబెట్టుకుంటాను. ఒక్క సంగతి మాత్రం చెప్పగలను. ఆమెకు ఆ పేరు పెట్టింది మా నాయన కాదు, అమ్మ కాదు, ఫాదర్‌గారు కాదు. నేను. అప్పుడు నాకు పదేళ్ళు. ఆ పేరు అంతకుముందు ఒక తుఫానుది.

యాభైల చివరి సంవత్సరాల మాట ఇది. మేము వరంగల్లులో మట్టెవాడలో ఉండేవాళ్ళం. రెండు గదుల పెంకుటిల్లు, ముందు చిన్న వాకిలి. నాయన గూడ్సు బండి గార్డు. జెండాలు, లాంతరు పట్టుకొని పోయాడంటే మళ్ళీ రెండు మూడు రోజులకు గానీ ఇంటి ముఖం చూసేవాడు కాదు. మేము కథోలిక క్రైస్తవులం. అమ్మకు అది పుట్టుకతో వచ్చిన విశ్వాసం. నాయనమ్మది వర్ధన్నపేట దిక్కు వ్యవసాయం చేసుకునే హిందూ కుటుంబం, నడివయసులో కొడుకు వెంట ఆమె కూడా జ్ఞానస్నానం తీసుకున్నది. ఆదివారం పూజకు మా ఇంట్లో అందరికంటే ముందు తయారయ్యేది ఆమే. మిగతా ఆరు రోజులు ఆమె లెక్కలు ఆమెకు ఉండేవి.

ఆ లెక్కల్లో అన్నిటికంటే గట్టిది పేర్ల లెక్క. మా నాయనకు ముందు నాయనమ్మకు ముగ్గురు పుట్టి పోయారు. నాయన పుట్టగానే ఆమె ఆ పసిగుడ్డును తీసుకుపోయి ఊరి బయట పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పక్కింటావిడకు చేటెడు తవుడుకు అమ్మి, మళ్ళీ కొనుక్కొని, ఆ పెంట పేరే వాడికి పెట్టింది. అంత చెత్త పేరున్న పిల్లవాణ్ణి చావు మాత్రం ఏం ఆశపడి తీసుకుపోతుంది? నాయన బతికాడు. రైల్వే కాగితాల్లో ఆయనకు ఒక పునీతుని పేరు ఉండేది, గార్డు కోటు, ఇత్తడి బొత్తాలు ఉండేవి. ఇంటికి రాగానే వాళ్ళమ్మ నోట మాత్రం మళ్ళీ పెంటకుప్పే. ఆయన కోపగించుకునేవాడు కూడా కాదు.

నా తర్వాత అమ్మకు ఇద్దరు పుట్టారు. ఇద్దరూ పోయారు. ముందు పుట్టిన తమ్ముడు ఒక్క పూట ఉన్నాడు. తర్వాత పుట్టిన చెల్లె రెండు రోజులు. రెండుసార్లూ ఫాదర్‌గారు పల్లెల మీదికి పోయి ఉన్నారు, ఆయన సైకిలు దిగేసరికి అంతా అయిపోయింది. జ్ఞానస్నానం కాని పిల్లలను ఆ రోజుల్లో సమాధుల గోడ లోపల పెట్టేవాళ్ళు కాదు. గోడ బయట తుమ్మచెట్ల కింద పెట్టారు. సిలువ లేదు, రాయి లేదు. పెట్టినా దాని మీద ఏమని రాస్తారు, పేరే లేనప్పుడు? సకల ఆత్మల పండుగ నాడు అందరూ లోపల తమవాళ్ళ సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, మా అమ్మ రెండు కొవ్వొత్తులు పట్టుకొని గోడ బయట నిలబడేది. చిన్నపిల్లనైనా నాకు ఆ గోడను చూస్తే ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది.

అమ్మకు మళ్ళీ నెలలు నిండాయి. ఈసారి పుట్టగానే పేరు పెట్టి నీళ్ళు పోయించాలని అమ్మ పట్టు. ఇరవై ఒక్క రోజులు నిండేదాకా పేరన్న మాటే ఎత్తొద్దని నాయనమ్మ పట్టు. "పోయిన ఇద్దరికీ కడుపుల ఉన్నప్పటి సంది గా పేరు పెడ్దమా గీ పేరు పెడ్దమా అని ముచ్చట్లు పెట్టిండ్రు. చావు ఇనలేదా మరి? పేరు తెలిసినోళ్ళనే గద అది పిలిచేది!" అని ఆమె గొంతు పెంచితే అమ్మ గోడ వైపు తిరిగి పడుకునేది. నాయన ఇద్దరి మధ్య నలిగి, డ్యూటీ ఉందని ఒక పూట ముందే బయలుదేరేవాడు.

తుఫాను సంగతి ఆ రోజుల్లోనే తెలిసింది. మా ఫాదర్‌గారు ఇటలీ దేశస్థుడు. తెలుగు పుస్తకాల్లోంచి నేర్చుకున్నాడు కాబట్టి మాటలన్నీ గ్రాంథికంలో ఉండేవి. ఆయన "అమ్మాయీ, ఎచటికి పోవుచున్నావు?" అని అడిగితే మట్టెవాడ పిల్లలం మూతులు మూసుకొని నవ్వేవాళ్ళం. శనివారం జ్ఞానోపదేశం క్లాసు అయ్యాక నేను ఒక పట్టాన ఇంటికి పోయేదాన్ని కాదు. ఆయనకు వచ్చే విదేశీ ఉత్తరాల మీది స్టాంపుల కోసం కాచుకొని కూర్చునేదాన్ని. ఒకరోజు ఇచ్చిన స్టాంపు మీద కొబ్బరిచెట్లు, సముద్రం ఉన్నాయి. ఇది ఏ ఊరిదని అడిగాను. వాళ్ళ అన్నగారు కూడా ఫాదరేనట, భూమికి అవతలి వైపు ఒక ద్వీపంలో పనిచేస్తున్నాడట. గోడకున్న పటం మీద గొడుగు మొనతో చూపించాడు. ఉలవగింజంత చుక్క.

"ఆ ద్వీపమునకు ప్రతి సంవత్సరము తుఫానులు వచ్చును. అచటివారు ప్రతి తుఫానుకును పేరు పెట్టుదురు," అన్నాడు.

నేను నమ్మలేదు. తుఫానుకు పేరేమిటి? మాకు వాన తెలుసు, ముసురు తెలుసు, గాలిదుమారం తెలుసు. సముద్రం ఎలా ఉంటుందో మా ఇంట్లో నాయనమ్మే కాదు, నాయన కూడా చూడలేదు. చౌరస్తాలో ఇరానీ హోటల్ రేడియో అప్పుడప్పుడు "బంగాళాఖాతంలో వాయుగుండం" అని చెప్పేది, రెండు రోజులకు మాకు ముసురు పట్టేది. ఆ వాయుగుండానికి ఒక పేరని, ఊరని ఎన్నడూ వినలేదు.

ఫాదర్‌గారు కుర్చీ దగ్గరికి లాక్కొని చెప్పాడు. ఆ ద్వీపంలో తుఫాను ఏ రోజు తీరం తాకితే ఆ రోజు ఏ పునీతుల పండుగో క్యాలెండర్‌లో చూసి, ఆ పేరే తుఫానుకు పెడతారట. అదే క్యాలెండర్ మా ఫాదర్‌గారి బల్ల మీద కూడా ఉండేది. అందులో చూసే మా పేటలో పిల్లలకు పేర్లు పెట్టేవాడు. నా పేరూ అందులోంచి వచ్చిందే. ఒకే పుస్తకంలోంచి మట్టెవాడ పిల్లకో పేరు, సముద్రం అవతల తుఫానుకో పేరు! ఏళ్ళకేళ్ళ తేడాతో ఒకే పండుగ రోజున రెండు పెద్ద తుఫానులు వచ్చాయట. రాజులకు పెట్టినట్టు వాటిని మొదటివాడు, రెండవవాడు అని పిలుచుకున్నారట.

"పునీతులకు కోపం రాదా ఫాదర్?" అని అడిగాను.

ఆయన నిజంగానే ఆలోచించాడు. "నేను అడిగి చూడలేదు," అన్నాడు.

ఇప్పుడు అమెరికా వాళ్ళు వేరే పద్ధతి తెచ్చారని కూడా చెప్పాడు. ఏడాది మొదట్లోనే ఆడపిల్లల పేర్లు ఇంగ్లీషు అక్షరాల వరుసలో రాసిపెట్టుకుంటారు. మొదట పుట్టిన తుఫానుకు మొదటి పేరు, తర్వాతిదానికి తర్వాతి పేరు. చాలామందిని చంపిన తుఫాను పేరును మాత్రం జాబితాలోంచి తీసి పక్కన పెడతారు. అన్నీ ఆడపేర్లే ఎందుకని అడిగితే నవ్వి, "పెట్టువారు మగవారు గనుక," అన్నాడు. మగ పేర్లు కూడా చేర్చడానికి వాళ్ళకు ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. మన బంగాళాఖాతం తుఫానులకు పేర్లు రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు చుట్టుపక్కల దేశాలన్నీ తలా కొన్ని పేర్లు ఇచ్చాయి, వరుసగా వాడుకుంటున్నారు. టీవీలో కొత్త తుఫాను పేరు చెప్పినప్పుడల్లా నేను చేతిలో పని ఆపి వింటాను. మా ఇంట్లోవాళ్ళకు అది వింతగా ఉంటుంది.

"అసలు పేరెందుకు ఫాదర్? తుఫాను తుఫానే గదా?" అన్నాను ఆ రోజు.

"ఒకేమారు రెండు తుఫానులు వచ్చినచో ఓడలవారికి ఏది ఎటు పోవుచున్నదో ఎట్లు తెలియును? పేరు లేనిదానిని గూర్చి ఎవరిని హెచ్చరింతురు?" అని, "మరియు పేరు గలదానిని జనులు మరువరు," అన్నాడు.

అప్పుడు ఒక తుఫాను కథ చెప్పాడు. ఒక పునీతురాలి పండుగ నాడు వచ్చిందట. వాళ్ళ అన్నగారికి ఆ ఊరి ముసలివాళ్ళు చెప్పిన ముచ్చట అది. వాళ్ళ తాతలనాటి సంగతైనా నిన్న జరిగినట్టే చెబుతారట. ఎవరూ తాడు లాగకుండానే గాలికి గుడిగంట మోగిందట. ఆగకుండా మోగి మోగి, చివరికి గంట గోపురంతో సహా కొట్టుకుపోయిందట. ఊళ్ళకు ఊళ్ళే లేచిపోయాయట. అక్కడివాళ్ళు ఆ పేరు పలికేముందు ఇప్పటికీ సిలువ గుర్తు వేసుకుంటారట. ఆయన ఆ పేరు రెండుసార్లు పలికాడు. నేను పెదాలు కదపకుండా లోపల పలికి చూసుకున్నాను. నోరు తిరగని పేరేమీ కాదు. అందమైన పేరు. అంత అందమైన పేరుకు అంత బలం ఉండటం నాకు అర్థం కాలేదు.

ఇంటికి పోయి నాయనమ్మకు చెప్పాను. ఆమె వాకిట్లో అనపకాయలు ఒలుస్తున్నది. ఆడపిల్లల పేర్ల జాబితా సంగతి విని చేతిలో కాయ పడేసింది.

"పుట్టకముందే పేరా? థూ! గందుకే గవి గట్ల పిచ్చిలేసి తిరుగుతానయ్. మీ ఫాదర్‌కు జెప్పు, ఇరువై ఒక్క దినాలు ఆగుమను."

"తుఫాను ఇరవై ఒక్క దినాలు ఉండదు నాయనమ్మా."

"సూసినవా మరి! నేను జెప్పింది గదే!" అన్నది గెలిచినట్టు.

అక్టోబరు చివర్లో చెల్లెలు పుట్టింది. నెలలు నిండినా చిన్నగానే ఉంది, పిల్లికూన ఏడ్చినట్టు సన్నగా ఏడ్చింది. నాయన లైను మీద ఉన్నాడు. ఫాదర్‌గారు వర్ధన్నపేట అవతలి పల్లెలకు పోయాడని తెలిసింది. పుట్టిన రెండో రోజే ఇరానీ హోటల్ రేడియో వాయుగుండం సంగతి చెప్పింది. ఆ సాయంత్రానికి ముసురు మొదలైంది. మూడో రోజుకు అది ముసురు కాదని అర్థమైంది. గాలి పెంకులను ఒక్కొక్కటే లేపి చూస్తున్నది. నెక్కొండ దగ్గర పట్టాల మీదికి నీళ్ళు వచ్చి బండ్లు ఆగిపోయాయని, నాయన అక్కడే చిక్కుకున్నాడని పక్కింటాయన వచ్చి చెప్పి పోయాడు. దవాఖాన దారిలో మోకాటి లోతు నీళ్ళు. సముద్రం మాకు ఒక పూట రైలు ప్రయాణం దూరంలో ఉందని నాయన చెప్పేవాడు. అంత దూరం నుంచి నడిచి వచ్చినా దానికి అలుపు లేదు. నేను కిటికీ చువ్వలు పట్టుకొని చూస్తూ, ఇది సముద్రం కదా, సముద్రమే మా మట్టెవాడకు వచ్చింది కదా అనుకున్నాను. నాకు భయం వేయలేదు. నోరు తెరుచుకొని చూశాను. దీనికి పేరెందుకు లేదని మాత్రం కోపం వచ్చింది.

నాలుగో రోజు మధ్యాహ్నం అమ్మకు జ్వరం కాసింది. చీకటిపడినట్టే ఉంది, ఇంట్లో దీపం పెట్టుకున్నాం. నాయనమ్మ కుంపటి దగ్గర పాపను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నది. ఉన్నట్టుండి పాప పాలు తాగడం మానేసింది. ఏడుపు కూడా ఆపింది. పెదాలు నల్లబడుతున్నాయి.

"బిడ్డా, నేను మంత్రసానిని తోల్కస్త. నువ్వు కూసో, పాపను ఒళ్ళెపెట్టుకో, కుంపటి ఆరనియ్యకు. పేరు గీరు అని ఏం పిలువకు, ఇన్నవా? జర సప్పుడు జెయ్యకుంట ఉండు," అని గోనెసంచి నెత్తిన వేసుకొని ఆమె వానలోకి దిగింది. మంత్రసాని ఇల్లు రెండు వీధుల అవతల ఉంటుంది, మామూలు రోజైతే ఇట్టే పోయి రావచ్చు. ఆ నీళ్ళలో నాయనమ్మ ఎప్పుడు చేరుతుందో, ఎప్పుడు వస్తుందో.

నేను పాపను ఒళ్ళో పెట్టుకున్నాను. అమ్మను పిలిచాను, జ్వరం మత్తులో పలకలేదు. పాప ఊపిరి ఆగి ఆగి వస్తున్నది. ఇక దాచడమెందుకు, నాకు వచ్చిన మొదటి ఆలోచన పాప చచ్చిపోతుందని కాదు. మూడో కొవ్వొత్తి అని. అమ్మకు రెండే చేతులు ఉన్నాయి అని.

శనివారం క్లాసులో మాకు నేర్పారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఫాదర్ దొరకకపోతే ఎవరైనా సరే జ్ఞానస్నానం ఇవ్వవచ్చు. చిన్నపిల్లలైనా సరే. నీళ్ళు తల మీద పోయాలి, పోస్తూ ఆ మాటలు చెప్పాలి. ఆ మాటలు నాకు వచ్చు, తప్పు లేకుండా చెప్పినందుకు ఒకసారి జపమాల బహుమతి కూడా ఇచ్చారు. కానీ ఆ మాటలు పేరుతో మొదలవుతాయి. ఫలానా, నేను నీకు జ్ఞానస్నానము ఇచ్చుచున్నాను, అని. క్లాసులో మేము ఒక బొమ్మకు నీళ్ళు పోసి నేర్చుకున్నాం, ఆ బొమ్మకు కూడా పేరుండేది. పేరు లేకుండా పోస్తే ఆ నీళ్ళు ఉత్త నీళ్ళే అవుతాయని నేను గట్టిగా నమ్మాను.

పేరు పెడితే నాయనమ్మ చెప్పిన చావు వింటుంది. పెట్టకపోతే గోడ బయట. పదేళ్ళ బుర్రకు రెండూ నిజమే. ఒకదాన్ని నమ్మి ఇంకోదాన్ని వదిలేసే తెలివి నాకు లేదు. ఉన్నట్టయితే మా చెల్లెలికి ఇంకేదో మామూలు పేరుండేది.

అప్పుడు నాకు ఆ గంట గుర్తొచ్చింది, ఎవరూ లాగకుండా మోగిన గంట. నాయనమ్మ మా నాయనకు చావు చీదరించుకునే పేరు పెట్టింది. చావు భయపడే పేరు పెడితే? ఆ పేరు వినగానే ఎవరైనా సిలువ గుర్తు వేసుకొని పక్కకు తప్పుకునే పేరు? అంత పెద్ద పేరును ఇంత చిన్న పిల్ల మీద పెట్టొచ్చా అనిపించింది. కానీ ఇంకో ఉపాయం లేదు.

కుండలో నీళ్ళు అడుగంటాయి. గ్లాసు పట్టుకొని వాకిలి దగ్గరికి పోయి చూరు కింద పెట్టాను, క్షణంలో నిండింది. పాపను మోకాళ్ళ మీద పడుకోబెట్టుకొని, నుదుటి మీద నీళ్ళు పోస్తూ ఆ పేరు పలికాను. మెల్లగా కాదు, వాన హోరులో నాకు నేనే వినబడాలని గట్టిగా. తర్వాత మిగతా మాటలు చెప్పాను. పేరు లేని తుఫాను నీళ్ళతో పేరున్న తుఫాను పేరు పెట్టాను. ఆ క్షణంలో ఇంటి చుట్టూ ఉన్నదంతా ఆగి విన్నట్టనిపించింది. నిజానికి గాలి ఒక్క పిసరు కూడా తగ్గలేదు, ఆ రోజంతా అలాగే కొట్టింది.

పాప ఒక్కసారి ఉలిక్కిపడింది, నోరు తెరిచింది, తర్వాత ఏడ్చింది. అంతవరకు వినని ఏడుపు అది. చల్లటి నీళ్ళు నెత్తిన పడితే ఏ పసిగుడ్డయినా ఉలిక్కిపడి గాలి పీల్చుకుంటుంది. ఆ సంగతి నాకిప్పుడు తెలుసు. అప్పుడు తెలియకపోవడమే మంచిదైంది. నేను పాపను గుండెలకు అదుముకొని, నీ పేరెంత పెద్దదో నీకు తెలియదు, నీకు తెలియదు అని చెవిలో చెబుతూ నేనూ ఏడ్చాను.

నాయనమ్మ మంత్రసానిని వెంటబెట్టుకొని నడుము దాకా తడిసి వచ్చేసరికి పాప ఎర్రగా అయి గుక్కపట్టి ఏడుస్తున్నది. "ఏం జేసినవే?" అని నన్ను అడిగింది. ఏం చేయలేదన్నాను. పాప నుదురు తడిగా ఎందుకుందంటే పెంకులు కారుతున్నాయన్నాను. మంత్రసాని పాపకు కాపడం పెట్టి, అమ్మకు కషాయం పట్టించింది. రెండు రోజులకు వాన వెలిసింది, నాయన వచ్చాడు, అమ్మ జ్వరం దిగింది. నేను ఎవరికీ చెప్పలేదు. మిగిలిన పదిహేడు రోజులు ఆ పేరును నోట్లోనే దాచుకొని తిరిగాను. పడుకునేటప్పుడు పెదాలు గట్టిగా మూసుకునేదాన్ని, నిద్రలో ఎక్కడ పలుకుతానోనని.

ఇరవై ఒకటో రోజు పొద్దున ఫాదర్‌గారు సైకిలు మీద మా ఇంటికే వచ్చాడు. అమ్మకు ఇంకా నడిచే శక్తి లేదు కాబట్టి జ్ఞానస్నానం ఇంట్లోనే అన్నారు. నాయనమ్మ సంతోషంగా ఉంది, ఆమె లెక్క నెగ్గింది, పైగా పాపకు ఆమె క్రైస్తవ పేరే పెట్టాలని నాయన అనుకున్నాడు. ఫాదర్‌గారు తెల్ల అంగీ తొడుక్కొని, పుస్తకం తెరిచి, "ఈ బిడ్డకు ఏమి పేరు పెట్టుచున్నారు?" అని అడిగాడు. నాయన నోరు తెరిచాడు.

"ఆగుండ్రి!" అని అరిచాను. జ్ఞానస్నానం ఒక మనిషికి ఒక్కసారే అని కూడా మాకు క్లాసులో నేర్పారు. రెండోసారి పోయడం పాపం. ఫాదర్‌గారి చేత ఆ పాపం చేయించలేను. ఏడుస్తూ అంతా చెప్పాను. నాయన ముఖం మాడిపోయింది. నాయనమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఫాదర్‌గారు మాత్రం మూడు ప్రశ్నలు అడిగాడు. ఏ నీళ్ళు పోసినావు? చూరు నీళ్ళు. నీరు తలకు తగిలినదా? తగిలింది. ఏమి పలికితివి? పలికి చూపించాను, పేరుతో సహా. ఆయన పుస్తకం మూశాడు. "చెల్లినది. పేరు పలుకకున్నను చెల్లియుండును, అమ్మాయీ. ఆ మాట మీకు బోధించుట మరచితిమి. కాని నీవు పలికితివి గదా. ఇక ఆ పేరే." తర్వాత కళ్ళు చిట్లించి, "ఇది నేను నీకు చెప్పిన పేరా?" అని అడిగాడు. అవునన్నాను.

"ఎవ్వరి పేరే అది?" అని నాయన అరిచాడు.

"తుఫానుది నాయనా. సముద్రం అవతలిది. ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకపోయినయట."

నాకు దెబ్బలు తప్పవనుకున్నాను. నాయనమ్మ నన్ను కాదు, ఫాదర్‌గారిని అడిగింది.

"పెద్దదేనా అది?"

"ఏది, తల్లీ?"

"గా తుఫాను. పెద్దదేనా?"

"మిక్కిలి పెద్దది," అన్నాడాయన.

నాయనమ్మ లేచింది. అమ్మ పక్కలోంచి పాపను తీసుకొని వాకిట్లోకి నడిచింది. వీధి వైపు తిరిగి, పాపను రెండు చేతులా ఎత్తి పట్టుకొని, ఆ పేరును గొంతు చించుకొని మూడుసార్లు పిలిచింది. సగం అక్షరాలు తప్పే. పక్కిళ్ళవాళ్ళు బయటికి వచ్చి చూశారు. "ఇననియ్, ఎవ్వలు ఇంటరో ఇననియ్!" అని మళ్ళీ లోపలికి వచ్చి కూర్చున్నది. ఆమెకు ఆయాసం వచ్చింది. నాయన నవ్వాలో కోప్పడాలో తెలియక గార్డు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

ఫాదర్‌గారు కలం తీసి రిజిస్టరులో పేరు రాసుకుంటున్నాడు. నాయనమ్మ ఆ కలం వైపే చూస్తూ కాసేపు కూర్చున్నది. తర్వాత మెల్లగా అడిగింది.

"అయ్యా, గా పోయిన ఇద్దరికి గూడ పెట్టొచ్చునా? పేర్లు? నేనే పెట్టనియ్యకపోతి."

ఆయన రాయడం ఆపాడు. "పోయినవారికి జ్ఞానస్నానము ఈయజాలను, తల్లీ. నాకు అధికారము లేదు. పేరు పెట్టుటకు మాత్రము ఎవరి అధికారమును అక్కరలేదు."

నాయనమ్మ కొడుకు వైపు చూసింది. నాయన తల వంచుకొని, "ఇప్పుడు ఏం పేర్లు పెడ్తమే అవ్వా," అన్నాడు. ఆ మాటతో అది అక్కడే ఆగిపోయేదే.

"పెట్టిన," అన్నది అమ్మ.

మంచం మీద లేచి కూర్చున్నది. మూడు వారాలుగా ఆమె గొంతు అంత స్పష్టంగా వినలేదు నేను. "పుట్టిన దినాన్నే పెట్టిన అత్తమ్మా. నువ్వు ఇంటవని పైకి అనలే." అని, ముందు తమ్ముడి పేరు, తర్వాత చెల్లెలి పేరు చెప్పింది. అన్నానికి నన్ను పిలిచే గొంతుతోనే చెప్పింది.

మా ఇంట్లో ఆ రెండు పేర్లు పైకి వినబడటం అదే మొదలు. నాయనమ్మకు మొదటిది నోరు తిరగలేదు, మళ్ళీ చెప్పమన్నది. అమ్మ మళ్ళీ చెప్పింది. ఆమె ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పింది.